మా వీధి మేడెక్కింది

మా వీధిని చూడటానికి ఈ మధ్య ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు. కెమెరాలతో వస్తారు, టేపులతో వస్తారు, కాలేజీ పిల్లలైతే బస్సు వేసుకుని మరీ దిగుతారు. వచ్చినవాళ్ళంతా నా కుట్టుమిషను కిటికీ ముందు ఆగి ఒకటే మాట అడుగుతారు: "ఈ ఆలోచన ఎవరిదండీ?" అని. మా ఆయన్ని అడిగితే "అందరిదీ" అనేసి తప్పుకుంటాడు. ఆయనకు మాటల పొదుపు ఎక్కువ. నాకు ఆ రోగం లేదు. మిషను ఆపి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, వాళ్ళను బల్ల మీద కూర్చోబెట్టి మొదటి నుంచీ చెబుతాను. గొప్పలు పోతోందని అనుకుంటే అనుకోనివ్వండి. గొప్పగా ఉన్నదాన్ని గొప్పగా చెప్పుకోకపోతే ఇక నోరెందుకు?

మా పాత కాలనీ పల్లంలో ఉండేది. ఊళ్ళో ఎక్కడ వాన పడినా ఆ నీళ్ళు ముందు మా గుమ్మాలను పలకరించి, ఆ తర్వాతే కాలవలోకి పోయేవి. వానల్లో నానడం, ఎండల్లో రేకుల కప్పు కింద వేగడం, ఇదీ మా బతుకు. గట్టి వాన పట్టిందంటే చాలు, నేను కుట్టుమిషను తల విప్పి అటక మీద పెట్టేదాన్ని. మా ఆయన గ్యాసు బండను కిటికీ ఊచలకు కట్టేవాడు. అన్నీ సర్దాక మిగిలేది మా అత్తయ్య.

అత్తయ్య మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. వాకరు పట్టుకుని చదును నేల మీద ఎంత దూరమైనా నడుస్తుంది కానీ, ఒక్క మెట్టు అడ్డమొస్తే అక్కడితో ఆగిపోవాల్సిందే. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు. ఆ వాకరుకు ముందువైపు నేనొక గుడ్డసంచి కుట్టిపెట్టాను. టీ ఫ్లాస్కు, కళ్ళజోడు, మందులు అన్నీ అందులోనే. "కుట్టు వంకర పోయిందే" అని ఏళ్ళ తరబడి వంక పెడుతూనే ఉంది, సరిచేస్తానంటే మాత్రం విప్పనివ్వదు.

వరద వచ్చినప్పుడల్లా ఆమెను నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోకుండా తాడు చుట్టి, మోసుకుపోయేవాళ్ళం. ఒక పక్క మా ఆయన, ఇంకో పక్క పడవ తమ్ముడు. పడవ తమ్ముడంటే రబ్బరు పడవ వేసుకుని జనాన్ని బయటపడేయడానికి వచ్చే దళంలో మనిషి. పెద్ద మీసాలు, పెద్ద గొంతు. ఏటా వచ్చి వచ్చి మాకు చుట్టమైపోయాడు. నేను వెనక నుంచి అత్తయ్య చంకల కింద చేతులు వేసి పట్టుకునేదాన్ని. ఆ దారి పొడవునా ఆమె కళ్ళు గట్టిగా మూసుకునే ఉండేది. నీళ్ళంటే భయమేమో అనుకునేదాన్ని.

ఒకసారి ఊరుకోలేక అడిగేశాను. "భయమేంటే, నా మొహం! సిగ్గు" అంది. "వీధి వీధంతా చూస్తుండగా సామాను మోసినట్టు మోస్తారు. చూసేవాళ్ళని నేను చూడలేక మూసుకుంటా."

ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆమెకూ నాకూ రోజూ పడకపోయినా సరే.

ఆ తర్వాతి ఏడు పేదల ఇళ్ళ ఆఫీసు వాళ్ళు వచ్చి, కాలనీ మొత్తం పడగొట్టి కొత్తగా కడతామన్నారు. కింద వట్టి స్తంభాలు, నీళ్ళు వాటి మధ్యనుంచి పోతాయి, ఇళ్ళన్నీ పైన. బాగానే ఉంది. పైకెక్కడానికి మెట్లు. అదీ బాగానే ఉంది. "మరి మెట్లెక్కలేనివాళ్ళో?" అని అడిగితే, వాళ్ళ కోసం ఊరవతల మిట్ట మీద వేరే భవనం ఉందట, అక్కడ కింది అంతస్తులో గదులిస్తారట. అంటే మేమిక్కడ, అత్తయ్య అక్కడ.

"హాయిగా పోతాను" అంది అత్తయ్య ఆ సాయంత్రమే తన రేకుపెట్టె మంచం కిందనుంచి లాగి. "నీ సణుగుడు తప్పుతుంది నాకు."

"నాకు మాత్రం మీ సాధింపు తప్పదా? రేపే వెళ్ళండి" అన్నాను.

అన్నానే కానీ, ఆమె చీకటి పడకముందే బట్టలు మడతపెట్టి ఆ పెట్టెలో సర్దడం చూడలేకపోయాను. తిట్టడానికి మనిషి లేని ఇల్లు నాకెందుకు? ఆ పెట్టె ఆవిడతో బయటికి పోకూడదు. అంతే. ఆ రోజు నుంచి నాకు కొత్త ఇల్లంటే అదొక్కటే లెక్క.

ఇలాంటి సమయంలో ఆఫీసు వాళ్ళు ఒక అమ్మాయిని పంపారు. ఇళ్ళ నమూనాలు గీసే ఆర్కిటెక్టు. ఎప్పుడు చూసినా కింద కూర్చుని ఏదో గీస్తూనే ఉండేది కాబట్టి మేమంతా గీతల పిల్ల అనేవాళ్ళం. "మీ ఇళ్ళు మీతో కలిసే గీస్తాను" అంది వచ్చీ రాగానే. ఇలాంటి మాటలు చాలా విన్నాం, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాం. కానీ ఆ పిల్ల నిజంగానే ఇంటింటికీ తిరిగింది. ఎండ ఏ గోడను కాలుస్తుందో చేత్తో తాకి చూసింది. వరసకు బావయ్యే మా పక్కింటి మేస్త్రితో కలిసి కాలవ గట్టు మీద నడిచి, నీళ్ళు ఎటునుంచి చొరబడతాయో చూసింది. నా మిషను పక్కన కూర్చుని వెలుతురు ఎటు కావాలని అడిగింది. నన్ను అంతవరకూ ఎవరూ ఆ మాట అడగలేదు.

ఆమెతో పాటు ఆఫీసు ఇంజనీరు ఒకాయన. చెడ్డవాడు కాదు, కాకపోతే ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు, లిఫ్టు.

"లిఫ్టు పెడతామమ్మా" అన్నాడు మీటింగులో.

"వరదొస్తే ముందు కరెంటే కదా తీసేస్తారు?" అన్నాను.

"జనరేటరుంటుంది."

"ఎక్కడ పెడతారు?"

"కింద..." అని నోరు జారి, తనే గతుక్కుమన్నాడు. జనం ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వేశాడు. "సరే, అది డాబా మీద పెడదాం. లిఫ్టూ ఉండనివ్వండి, ఇంకో దారీ వెతుకుదాం" అన్నాడు. తప్పు ఒప్పుకుని నవ్వగలిగే మనిషంటే నాకు అప్పటికప్పుడు గౌరవం పుట్టుకొస్తుంది.

ఇంకో దారంటే వాలు. ఎంత వాలు ఉంటే అత్తయ్య తనంతట తాను ఎక్కగలదు? పుస్తకంలో ఒక కొలత ఉందట. గీతల పిల్ల దాన్ని నమ్ముకుని ఊరుకోలేదు. మేస్త్రి బావ చేత ఇసుక బస్తాల మీద చెక్కలు వేయించి మా ఇళ్ళ మధ్య నిజమైన వాలు ఒకటి కట్టించింది. అత్తయ్య వాకరుతో సగం ఎక్కి, "ఇది వాలా, కొండా?" అని ఆగిపోయింది. బస్తాలు తగ్గించి చెక్కలు పొడిగించారు. మళ్ళీ ఎక్కింది. నేను పక్కనే నడుస్తున్నాను. ఊరికే నడవకుండా "పాదం సరిగ్గా వెయ్యండి, అటు చూడండి, ఇటు చూడండి" అని అంటున్నానేమో, ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. "నాకు నడక నేర్పుతున్నావా? నీ మొగుడికి నేర్పిందెవరనుకున్నావ్?" అని మొదలుపెట్టింది, కానీ ఆ వాక్యం పూర్తయ్యేలోపే ఆయాసం వచ్చి ఆపేసింది.

గీతల పిల్ల చప్పట్లు కొట్టింది. "దొరికింది! మీరు కోడలిని మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా తిడుతూ ఎక్కగలిగితే అదే సరైన వాలు" అంది.

పరీక్ష అలా నడిచింది. బస్తాలు తీస్తారు, చెక్కలు జరుపుతారు, అత్తయ్య నన్ను తిడుతూ ఎక్కుతుంది, ఎక్కడ ఊపిరి తెగితే అక్కడ ఆపుతారు. చుట్టూ జనం. ఉచితంగా వినోదం దొరికితే ఎవరు వదులుకుంటారు? చివరికి ఒకసారి ఆవిడ నా వంటనూ, నా కుట్టునూ, మా పుట్టింటివాళ్ళనూ అందరినీ కలిపి దులిపేసి, ఆ చివర చేరి కూడా ఇంకా తిడుతూనే ఉంది. ఇంజనీరు టేపు పెట్టి కొలిచి, కాగితం మీద ఆ గీత పక్కన "అత్తగారి వాలు" అని రాసుకున్నాడు. ఆఫీసు డ్రాయింగుల్లో ఇప్పటికీ ఆ పేరే ఉంది. పడీపడీ తిట్లు తిన్నది నేనైతే పేరు ఆవిడకొచ్చింది.

కానీ అంత మెత్తటి వాలంటే చాలా పొడుగు. మా స్థలంలో అంత పొడుగు ఎక్కడ పడుతుంది? ఇంజనీరు తలపట్టుకున్నాడు. అత్తయ్య ఇంటికి వచ్చి, పెట్టెలో ఇంకో రెండు బట్టలు సర్దింది.

మర్నాడు గీతల పిల్ల రాత్రంతా నిద్ర లేక ఎర్రబడ్డ కళ్ళతో వచ్చింది. "వీధి పక్కన వాలు కడదామనుకుంటే స్థలం లేదు. వీధినే వాలుగా కట్టేస్తే?" అంది. మా మధ్యలో ఉన్న పల్లాన్ని ఇంకా లోతు చేసి పిల్లలు ఆడుకునే మైదానం చేయాలి, వానొస్తే ముందు అది నిండాలి. దాని చుట్టూ మా వీధి మెల్లగా తిరుగుతూ పైకెక్కాలి. ఎక్కి, వరద అందని ఎత్తులో మా గుమ్మాల ముందునుంచి సాగాలి. మనుషులు వీధి దాటి మేడెక్కడం కాదు, వీధే మేడెక్కుతుంది. "దానికి వెడల్పు కావాలి మరి. వీధి ఇరుకైతే ఆఫీసులో ఒప్పుకోరు" అన్నాడు ఇంజనీరు. ఒప్పుకోకపోతే పాత ప్లానే. మెట్లు, ఊరవతల భవనం.

ఆ వెడల్పు పడుతుందా లేదా అని నేల మీదే తేల్చాలనుకున్నారు. సెలవు రోజు చూసి దగ్గర్లోని బడి మైదానంలో సున్నం పొడితో మా ఇళ్ళన్నీ నిజమైన కొలతల్లో గీశారు. ఇదిగో మీ గది, ఇదిగో మీ వంటిల్లు, ఇదిగో అందరి మధ్యలో వీధి. "గీత అంటే గోడ. తొక్కితే గోడకు గుద్దుకున్నట్టే" అని గీతల పిల్ల అందరికీ చెప్పింది. మేము మంచాలు, పొయ్యిలు, బిందెలు, బకెట్లు మోసుకొచ్చి ఆ గీతల మధ్య కాపురం పెట్టాం. గోడల్లేని ఇళ్ళలో అందరూ గుమ్మంలోంచే రావడం, లేని తలుపు తట్టడం! నవ్వి నవ్వి పొట్టలు చెక్కలయ్యాయి. సాయంత్రం పెద్దాఫీసరమ్మ వచ్చి చూస్తుంది. నేల మీద వీధి నిలిస్తే కాగితం మీద నిలిచినట్టే.

మధ్యాహ్నం గీతల పిల్లా ఇంజనీరూ స్తంభాల లెక్క చూసుకోవడానికి బడి వరండాలోకి వెళ్ళారు. అప్పుడు జరిగింది అసలు పని. ఎవరు మొదలుపెట్టారో ఇప్పటికీ తేలలేదు. మేస్త్రి బావ భార్య తన పెద్ద బిందె గీత మీద పడుతోందని కాలి బొటనవేలితో ఆ గీతను చెరిపి, బెత్తెడు అవతల మళ్ళీ పోసిందని కొందరంటారు. ఎదురింటివాళ్ళు అది చూసి తమ మంచానికని జానెడు జరిపారు. వాళ్ళ పక్కవాళ్ళు ఊరుకుంటారా? నేనేం తక్కువ తినలేదు, బట్టలు కత్తిరించే బల్ల వేయాలని మా గీతను నేనూ కొంచెం తోశాను. జానెడే కదా, జానెడుతో ఏమవుతుందిలే అనుకున్నాను. ప్రతి ఇంట్లోనూ అదే మాట అనుకున్నారు.

సాయంత్రం పెద్దాఫీసరమ్మ కారు దిగింది. మాట తక్కువ, చూపు ఎక్కువ ఉన్న మనిషి. "వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఎవరైనా నడిచి చూపించండి" అంది. గీతల పిల్ల అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య పొద్దుటి నుంచి ఆ ఘడియ కోసమే కాచుకుని ఉంది. తల నున్నగా దువ్వుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, వాకరుతో దర్జాగా బయలుదేరింది.

నాలుగిళ్ళు దాటింది. మా ఇంటికీ ఎదురింటికీ మధ్య వాకరు ఆగిపోయింది. ఇటు జరిపితే మా గోడ, అటు జరిపితే వాళ్ళ గోడ. వాకరు కాళ్ళు రెండు పక్కలా సున్నం గీతల మీదున్నాయి. ఆమె వెనక్కీ తిరగలేదు, ముందుకూ పోలేదు. గీతల పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. పొద్దున తను గీసిన వీధి అది కాదు.

పెద్దాఫీసరమ్మ అటూ ఇటూ చూసింది. "స్థలం సరిపోవట్లేదమ్మా. మీ కష్టం నాకు అర్థమవుతోంది. కానీ ఇంత ఇరుకు వీధికి నేను సంతకం పెట్టలేను. పాత ప్లానే చేసుకుందాం" అంది మెల్లగా. అని కారు వైపు తిరిగింది.

నా కళ్ళ ముందు ఆ రేకుపెట్టె ఒక్కటే మెదిలింది. దాన్ని గుమ్మం దాటించినవాళ్ళలో నేనూ ఉన్నాను, వట్టి జానెడు కోసం! ఏడుపు ముంచుకొస్తే నాకు కోపంగా మారుతుంది, అది నా జన్మలక్షణం. నోరు తెరవబోయాను. ఈలోగా ఆ ఇరుకులో నిలబడే అత్తయ్య గొంతు ఖంగుమంది.

"అమ్మా ఆఫీసరమ్మా, ఒక్క నిమిషం ఆగు. ఇదిగో, మీరంతా కాళ్ళు చూపించండి!"

ఎవరికీ అర్థం కాలేదు. "కాళ్ళర్రా కాళ్ళు, పాదాలు! ఎత్తి చూపించండి" అని గద్దించింది. ఒక్కొక్కరూ నీళ్ళు నములుతూ కాలెత్తారు. మేస్త్రి బావ భార్య బొటనవేలు తెల్లగా ఉంది. ఎదురింటాయన చెప్పు అంచు తెల్లగా ఉంది. నా మడమ చెప్పనే అక్కర్లేదు. వీధి వీధంతా తెల్లటి కాళ్ళే.

అందరూ చూశాక అత్తయ్య వాకరు మీద బరువు వేసి, తన కుడికాలు ఎత్తింది. అదీ తెల్లగానే ఉంది.

"మంచం పక్కన ఈ వాకరు పెట్టుకోవాలని నేనే జరిపాను" అంది. "నేను నడిచే దారి నేనే మింగేశాను, ఇక మిమ్మల్నేం అంటాను? కోడలా, నా గీత వెనక్కి జరుపు."

అప్పుడు తెరుచుకుంది నా నోరు. "విన్నారుగా? బట్ట ముక్కలన్నీ గీత మీదే కత్తిరిస్తే చొక్కా ఎక్కడ కలుస్తుంది? కుట్టుకు కొంత వదలొద్దా? కదలండి!" అని అరిచాను. మైదానం అవతలి వాళ్ళకు కూడా వినిపించిందట. వినిపించనీ. చీపురు తీసుకుని ముందు మా గీత చెరిపేశాను. నేను జరిపింది జానెడైతే మూరెడు వెనక్కి పోశాను. సిగ్గు అలా పట్టింది నన్ను. మేస్త్రి బావ భార్య బిందె ఎత్తుకెళ్ళి మూలకు పెట్టి, "దీన్ని అటక మీదకి ఎక్కిస్తాలే" అంటూ తన గీత చెరిపింది. ఎదురింటివాళ్ళు మంచం తిప్పేశారు. ఇక చూడాలి, ఎవరి గీత వాళ్ళు చెరుపుకోవడం, సున్నం తట్టలు చేతులు మారడం, దగ్గులు, తుమ్ములు, నవ్వులు. పొద్దుటి గీత ఎక్కడుందో ఎవరికీ గుర్తులేదు. అందుకని ప్రతివాళ్ళూ తీసుకున్నదానికంటే కాస్త ఎక్కువే తిరిగిచ్చారు.

ఇంజనీరు టేపు పట్టుకుని కొలిచాడు. నమ్మకం చాలక మళ్ళీ కొలిచాడు. వీధి తిరిగి రావడమే కాదు, పొద్దున గీసినదానికంటే వెడల్పయింది.

"ఇంత వీధి నేను అడగలేదే" అంది పెద్దాఫీసరమ్మ.

"ఎవరూ అడగలేదండీ. వాళ్ళే ఇచ్చారు" అంది గీతల పిల్ల.

అత్తయ్య మళ్ళీ బయలుదేరింది. నన్ను పక్కన నడవమంది. "ఆ చీపురు పట్టుకోవడం కూడా రాదేంటే నీకు? నా బట్టల నిండా సున్నం కొట్టావు. మూరెడు వదలమని ఎవరు చెప్పారు? నా మంచం ఎక్కడ వేస్తావు, నీ నెత్తినా?" అంటూ ఆ చివరిదాకా ఆగకుండా నడిచింది.

"పాపం, కోడలిని ఎందుకలా తిడుతున్నారు?" అని అడిగింది పెద్దాఫీసరమ్మ.

"అది పరీక్షండీ. ఆగకుండా తిట్టగలిగితే పాసైనట్టు" అన్నాడు ఇంజనీరు.

ఆవిడ నవ్వగా చూసింది మేమప్పుడే. కారు బానెట్ మీదే కాగితం పరిచి సంతకం పెట్టింది. ఇంటికి వచ్చాక అత్తయ్య పెట్టెలోంచి బట్టలు తీసి మళ్ళీ అలమారలో పెట్టింది. నేను చూడనట్టు వంటింట్లో నిలబడి చూశాను.

కట్టడం మొదలయ్యాక మేం అద్దె ఇళ్ళలో ఉన్నా, రోజూ ఎవరో ఒకరు పని దగ్గరే ఉండేవాళ్ళం. కాలవ వైపు నీళ్ళు పోయే దారి మేస్త్రి బావా ఇంజనీరూ కలిసి పోట్లాడుకుంటూ తేల్చారు. మా ఆయన వెల్డరు కాబట్టి వీధి పొడవునా చేత్తో పట్టుకునే కమ్మీ ఆయనే అతికాడు. అత్తయ్య అరచేయి కొలత తీసుకుని దాని లావు ఖాయం చేశాడట, ఆ సంగతి నాకు కూడా తర్వాతెప్పుడో చెప్పాడు. పడమటి గోడలు రెండు పొరలుగా కట్టారు, మధ్యలో గాలి. గదికి ఎదురెదురు కిటికీలు. డాబాలకు తెల్ల సున్నం. ఇక జనం ఎక్కువగా ఇచ్చారే ఆ వెడల్పు, దాన్ని గీతల పిల్ల వృథా పోనివ్వలేదు. అంతమేర వీధి అంచున సందు వదిలి, కింద నేలలో మొక్కలు నాటించింది. అవి ఆ సందులోంచి పైకొచ్చి ఇప్పుడు మా గుమ్మాల ముందు కొమ్మలు చాచాయి. నడి ఎండలో కూడా నా మిషను మీద ఆకుల నీడ ఆడుతుంటుంది. రేకుల కింద చెమటకు బట్ట చేతికి అతుక్కుపోయే రోజులు తలుచుకుంటే, ఆ కొమ్మల్ని ముద్దుపెట్టుకోవాలనిపిస్తుంది.

ఇళ్ళలో చేరిన ఏడే పెద్ద వాన పడింది. తెల్లారేసరికి మైదానం చెరువైంది. తర్వాత నీళ్ళు స్తంభాల మధ్యకు వచ్చాయి. గలగలమంటూ కిందనుంచి పోతున్నాయి, మేం పైనుంచి చూస్తున్నాం. చూస్తూనే నేను అలవాటు కొద్దీ మిషను తల విప్పడం మొదలుపెట్టాను. మా ఆయన గ్యాసు బండ దగ్గర తాడుతో నిలబడ్డాడు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన అంత గట్టిగా నవ్వడం పెళ్ళైన ఇన్నేళ్ళలో నేను వినలేదు.

అప్పుడే బయట పడవ మోటారు చప్పుడైంది. పడవ తమ్ముడు! అతనూ అలవాటు కొద్దీ ముందు మా దగ్గరికే వచ్చాడు. స్తంభాల మధ్య పడవ ఆపి, మా పాత గుమ్మం ఉండే చోట వెతుకుతూ "పెద్దమ్మా! ఎక్కడున్నారు?" అని కేకలేస్తున్నాడు.

"అక్కడ కాదురా నాయనా, పైకి చూడు!"

అత్తయ్య వీధి మలుపులో వాకరు పక్కన పెట్టుకుని, కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వెళ్ళిందో మేము చూడనే లేదు. పడవ తమ్ముడు నోరు తెరుచుకుని చూశాడు. పడవ కట్టేసి, నీళ్ళలోంచి వాలు మీదికి వచ్చి, తడిబూట్లతో నడుచుకుంటూ ఆవిడ దాకా ఎక్కాడు. ఎక్కుతూ అటూ ఇటూ చూస్తూనే ఉన్నాడు. చెట్లు, గుమ్మాలు, పొయ్యిల మీద పొగలు, వానను చూస్తూ నిలబడ్డ జనం. ఎవరి చేతిలోనూ మూట లేదు.

"మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చాను పెద్దమ్మా" అన్నాడు.

"ఎక్కడికి? నేను ఇంట్లోనే ఉన్నా కదా" అంది అత్తయ్య. "ఒరే అబ్బాయ్, ఆ నీలం కుర్చీ పట్రా."

మా ఆయన కుర్చీ తెచ్చాడు. పక్కలకు పాత తాడు ముక్కలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. నేను నాకు తెలియకుండానే ఆమె వెనక్కి చేరి చేతులు చాచాను, చంకల కింద పట్టుకుని కూర్చోబెడదామని. ఆమె కూర్చోలేదు. కుర్చీని వాకరుతో పడవ తమ్ముడి వైపు నెట్టింది.

"కూర్చో. ఇన్నేళ్ళు నన్ను ఇందులో మోశావు, ఒక్కసారైనా నువ్వు కూర్చున్నావా?"

అతను కూర్చున్నాడు. అంత పెద్ద మీసాల మనిషి తల వంచుకుని కూర్చున్నాడు. అత్తయ్య నా వంకర కుట్టు సంచిలోంచి ఫ్లాస్కు తీసి అతని చేతిలో పెట్టింది. వీధి వీధంతా చూస్తోంది. ఆమె కళ్ళు మూసుకోలేదు. ఒక్కొక్కరినీ, గుమ్మం గుమ్మాన్నీ తీరిగ్గా చూసింది.

నా చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఏం చేయాలో తెలియక, కళ్ళు తుడుచుకోవడానికి వాడుకున్నాను.

"ఏంటే ఆ నిలబడటం? అవతల వీధుల్లో ఇంకా జనం ఉన్నారు, ఇతను మళ్ళీ వెళ్ళాలి. తల తుడుచుకోవడానికి తువ్వాలు పట్రా" అంది అత్తయ్య.

వెళ్ళి తెచ్చాను. తిరిగొచ్చేసరికి ఆమె కమ్మీ పట్టుకుని వాలు మీద ముందుకు నడుస్తోంది, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసి రావడానికట. పక్కన ఎవరూ లేరు.